గోగునార దారిలో నెల్లిమర్ల: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కిందటి సంచికలో నెల్లిమర్ల జూట్ మిల్లు ఫొటో వేసి, ఉత్తరాంధ్ర మిల్లు ఊళ్ల గురించి ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో రాయమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో ఒకే సంగతిని అడిగినవాటిని కలిపి, ఊరి పేరుతో ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: జనపనార బెంగాల్ పంట కదా! మరి నెల్లిమర్ల, చిట్టివలస, బొబ్బిలి, రాజాం వంటి చోట్ల జూట్ మిల్లులు ఎలా వచ్చాయి? – విజయనగరం

ఈ మిల్లులకు పునాది వేసింది బెంగాల్ జనపనార కాదు, మన మెట్ట పొలాల గోగునార. జనపనార మొక్క వేరు, గోగు వేరు. గోగు మందార కుటుంబానికి చెందినది, మనం వండుకునే గోంగూరకు దగ్గరి చుట్టం. నార కోసం పెంచేవాటిలో రెండు జాతులున్నాయి. ఒకటి తొందరగా ఎదిగి కోతకొస్తుంది గాని నీరు సరిగా అందాలి. రెండోది గోంగూర జాతి. కోతకు ఆలస్యంగా వచ్చినా వాన ముఖం చాటేసినప్పుడు తట్టుకుంటుంది. విజయనగరం, శ్రీకాకుళం మెట్టల్లో ఈ రెండోదే నిలదొక్కుకుంది. దీని మీద పరిశోధనకు ఆమదాలవలసలో ప్రత్యేక కేంద్రమే ఉంది. అక్కడ తయారైన గోగు రకాల్లో చాలావాటి పేర్లు ఏఎంవీ అనే అక్షరాలతో మొదలవుతాయి.

ఈ నార భీమునిపట్నం (భీమిలి) రేవు నుంచి ఓడలెక్కేది. అందుకే ప్రపంచ వాణిజ్యంలో దానికి ‘బిమ్లి జూట్’ అనే పేరు స్థిరపడింది. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీర రైలుమార్గం పడింది. ఆ మార్గం భీమిలి పక్కనుంచి పోలేదు, లోపలగా విజయనగరం మీదుగా పోయింది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తయింది, 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. దాంతో సరుకు రేవు వదిలి రైలు పట్టింది.

నెల్లిమర్లను ఈ నేపథ్యంలో చూడాలి. స్టేషన్ మెయిన్ లైను మీద ఉంది. పక్కన చంపావతి నది ఉంది. బాయిలర్‌కీ, నారను తడపడానికీ, యంత్రశాలలో గాలి తేమగా ఉంచడానికీ జూట్ మిల్లుకు రోజూ నీళ్లు కావాలి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు పండిన గోగు విజయనగరం దాకా వస్తే అక్కడి నుంచి నెల్లిమర్ల ఏడెనిమిది కిలోమీటర్లే. నార, నీరు, రైలు ఒక్కచోట కలిశాయి కాబట్టి మిల్లు అక్కడ వెలిసింది. గోస్తని ఒడ్డున ఉన్న చిట్టివలసకూ లెక్క ఇంచుమించు ఇదే, కాకపోతే దానికి భీమిలి మరీ దగ్గర. ఈ రెండు మిల్లులూ చాలాకాలం కలకత్తాకు చెందిన మెక్‌లియాడ్ కంపెనీ మేనేజింగ్ ఏజెన్సీలో, అంటే ఆ కంపెనీ నిర్వహణలో నడిచాయి. బొబ్బిలి, రాజాం మిల్లులు వీటి తరవాతి తరానివి.

ప్రశ్న: మా తాతల కాలంలో ఊరి బందలో (చెరువు గుంటలో) గోగు నానబెట్టేవారట. అర ఎకరంలో మళ్లీ వేద్దామనుకుంటున్నాం. నార నల్లబడకుండా, తెగకుండా రావాలంటే ఏం చేయాలి? – రాజాం

నార ధర పొలంలో కంటే నీళ్లలోనే తేలుతుంది. మంచి పంటను కూడా చెడ్డ నానబెట్టడం పాడుచేస్తుంది. కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాం.

కోత సమయం: చేలో సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు కోయాలి. అంతకు ముందు కోస్తే నార మెత్తగా ఉంటుంది గాని తూకం రాదు. కాయ ముదిరాక కోస్తే తూకం వస్తుంది గాని నార ముతకబారి, మొదలు దగ్గర బెరడు వదలదు. సన్న కర్రలనూ లావు కర్రలనూ వేరుచేసి, జానెడు మందాన కట్టలు కట్టండి. రెండూ కలిపి కడితే సన్నవి కుళ్లిపోయేసరికి లావువి ఇంకా నానవు. కట్టలను మూడు, నాలుగు రోజులు చేలోనే వదిలితే ఆకు రాలిపోతుంది. ఆకుతో సహా నీళ్లలో వేస్తే నీరు నల్లబడి ఆ రంగు నారకు పడుతుంది.

మొదట కట్టల మొదళ్లు మునిగేలా మోకాలి లోతు నీళ్లలో రెండు, మూడు రోజులు నిలబెట్టండి. మొదలు దగ్గర బెరడు మందం కాబట్టి దానికి ముందుగా నానే అవకాశం ఇవ్వాలి. తరవాత కట్టలను పడుకోబెట్టి, ఒక వరుస మొదళ్లు ఇటు ఉంటే పై వరుస మొదళ్లు అటు ఉండేలా రెండు, మూడు వరుసలు పేర్చండి. పైన కనీసం జానెడు నీరు నిలవాలి, కింద కట్ట నేలకు తగలకూడదు. బరువుకు రాళ్లు గాని, పాత ఎండు దుంగలు గాని పెట్టండి. చాలాచోట్ల మట్టిపెళ్లలో, అరటి బోదెలో వేస్తారు. నార నల్లబడడానికి ముఖ్యకారణం అదే. మట్టిలోని ఇనుము, బోదెలోని వగరు పదార్థం కలిస్తే నల్లటి రంగు పుడుతుంది. అది ఎన్నిసార్లు ఉతికినా పోదు.

నిలవ నీటికంటే నెమ్మదిగా కదిలే నీరు మేలు. గెడ్డ (వాగు) పక్క మడుగైతే సరే. ఒకే బందలో వరసగా రెండో విడత వేస్తే కొంత నీరైనా మార్చాలి. నీరు వెచ్చగా ఉంటే రెండు వారాల్లో అయిపోతుంది. కార్తీకం దాటి చలి పడితే మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పదో రోజు నుంచి రోజూ ఒక కట్టలోంచి రెండు, మూడు కర్రలు తీసి చూడండి. మొదలు దగ్గర బెరడును బొటనవేలితో తోస్తే కర్ర నుంచి జారి వచ్చేయాలి. ఆ రోజే తీయాలి. రెండు రోజులు ముందైతే నారకు బెరడు ముక్కలు అతుక్కుని మిల్లులో గ్రేడు పడిపోతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే చూడడానికి మెరిసినా, రెండు చేతులా పట్టి లాగితే పుటుక్కున తెగుతుంది. ఈ రెండో తప్పుకు మందు లేదు.

తీసిన నారను పారే నీళ్లలో జాడించి, నేలమీద కాకుండా వెదురు దండెల మీద రెండు, మూడు రోజులు ఆరబెట్టండి. నూరు కిలోల పచ్చి కర్రకు నాలుగు నుంచి ఆరు కిలోల ఎండు నార వస్తుంది. తూకం కోసం నీళ్లు చల్లి కట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది కొన్నవాడికే కాదు, అమ్మిన ఊరికీ చేటు. బేలు (నొక్కి కట్టిన నార మూట) నడిమధ్య తడి వేడెక్కి నార లోపల్లోపలే పొడి అయిపోతుంది. అలాంటి బేలు ఒకటి బయటపడితే ఆ ఊరి సరుకంతటికీ ధర కోస్తారు.

నీళ్లు తక్కువున్న ఏడు ఇంకో దారి ఉంది. పచ్చిగా ఉన్నప్పుడే బెరడును పట్టీలుగా ఒలిచి, ఆ పట్టీలను మాత్రమే నానబెట్టాలి. నీరు, రోజులు రెండూ సగానికి దగ్గరగా తగ్గుతాయి. ఒలిచే కూలి మాత్రం పెరుగుతుంది. అర ఎకరానికైతే ఇంటి మనుషులతో సరిపోతుంది గనక మీకు ఇదే నయం అని మా సలహా.

ప్రశ్న: మిల్లు లోపల నార సంచి ఎలా అవుతుంది? బ్యాచింగు, కార్డింగు, బీమింగు అని పెద్దలు అంటుంటారు. ఏది ముందు, ఏది వెనక? – నెల్లిమర్ల

మొదట బేళ్లు విప్పి నారను గ్రేడుల వారీగా వేరుచేస్తారు. సంచి పడుగుకు (నిలువు పోగులకు) ఏది, పేకకు (అడ్డపోగులకు) ఏది, ఎంత పాళ్లలో కలపాలి అన్నది అక్కడే తేలిపోతుంది. గోగు ముతక కాబట్టి ఎక్కువగా గోనె పేకకు వెళుతుంది.

తరవాతిది బ్యాచింగు. గాడులు పడ్డ రోలర్ల మధ్య నారను నలుపుతూ నూనె, నీరు, సబ్బు కలిపిన తెల్లటి ద్రావణం చల్లుతారు. నీరు నారలోకి ఇంకి మెత్తబరుస్తుంది, నూనె పైన నిలిచి రాపిడిని తగ్గిస్తుంది. తడిపిన నారను కుప్పలు పోసి కప్పి ఉంచడాన్ని పైలింగు అంటారు. మంచి నారకు ఒకటి, రెండు రోజులు చాలు. గట్టి మొదళ్లకు, గోగుకు అంతకు మించి కావాలి. కుప్పలో సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది, ఆ వేడే బెరడును కరిగిస్తుంది. చెయ్యి పెట్టలేనంత కాగితే నార కూడా కరిగిపోతున్నట్టే, కాబట్టి అంతదాకా రానివ్వరు. మిల్లులో మిగతా విభాగాల కష్టసుఖాలన్నీ ఈ ఒక్క చోట తేలతాయి. తడి చాలకపోతే ముందు కార్డింగులో దుమ్ము లేస్తుంది, తరవాత స్పిన్నింగులో పోగు తెగుతూనే ఉంటుంది. తడి ఎక్కువైతే నార రోలర్లకు చుట్టుకుని యంత్రం ఆగిపోతుంది.

కార్డింగులో మేకులు దిగ్గొట్టిన పెద్ద డ్రమ్ములు నారను చీల్చి, చిక్కుతీసి, మెత్తటి పట్టీగా దించుతాయి. బ్రేకర్ కార్డు మొదటిది, ఫినిషర్ కార్డు రెండోది. డ్రాయింగు యంత్రాలు ఆ పట్టీలను రెండు, మూడు విడతలు కలిపి సాగదీస్తాయి. ఒక పట్టీలో సన్నబడ్డ చోటు ఇంకో పట్టీలో లావైన చోటుతో కలిసి సమమవుతుంది. అప్పుడు స్పిన్నింగులో పురి పడుతుంది. పడుగు నూలు స్పూళ్లకూ, పేక నూలు షటిల్లో ఇమిడే ‘కాపు’లనే నూలు కండెలకూ ఎక్కుతుంది. పడుగును బీము అనే పెద్ద రోలరుకు చుడుతూ గంజి పట్టించడమే బీమింగు. ఈ గంజికి మన మిల్లుల్లో చింతపిక్కల పిండి వాడతారు. గంజి పలచనైతే మగ్గం మీద పడుగు నూగుపట్టి తెగుతుంది.

ఆ పైన నేత. దించిన బట్టను తడిపి, బరువైన రోలర్ల కింద నలిపి చదును చేసి, కొలతకు కోసి, అంచు మడిచి, పక్కలు కుట్టి, కట్టలు కట్టి ప్రెస్సులో బేళ్లు వేస్తారు. ధాన్యం సంచుల బేలుకు 500 సంచులు.

ప్రశ్న: పొందూరు ఖద్దరు నూరో నంబరు నూలు అంటారు. జూట్ మిల్లులో 8, 20, 28 నంబర్లంటారు. అంటే జూట్ నూలు మరీ తక్కువ రకమా? – పొందూరు

రెండు లెక్కలూ వేరు, పైగా ఒకదానికొకటి ఎదురు. పత్తి నూలులో నంబరు పొడవును చెబుతుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అదే నంబరు. నూరో నంబరంటే పౌనులో 84,000 గజాలు. జూట్ నూలులో నంబరు బరువును చెబుతుంది. 14,400 గజాల నూలు ఎన్ని పౌన్లు తూగితే అది నంబరు. కాబట్టి పత్తిలో నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, జూట్‌లో లావెక్కుతుంది. 8 నంబరు జూట్ నూలు పౌనుకు 1,800 గజాలు వస్తుంది, 28 నంబరుదైతే 514 గజాలే.

పొందూరు, నెల్లిమర్ల స్టేషన్లు ఒకే రైలుమార్గం మీద ఉన్నాయి. పొందూరులో కొండపత్తి, పునాసపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో గింజ తీసి, చిన్న విల్లుతో ఏకి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. అంత సన్నని నూలూ, 28 నంబరు గోనె నూలూ గంటన్నర ప్రయాణం లోపు దొరికే చోట్లు దేశంలో అరుదు. ఈ రెంటినీ ఒకే రోజు చూసి రమ్మని బడిపిల్లల ఉపాధ్యాయులను గట్టిగా కోరుతున్నాం.

ప్రశ్న: మిల్లు లోపలికి రానివ్వరు. బయటి నుంచి ఏం చూడవచ్చు? – చీపురుపల్లి

పాత జూట్ మిల్లు ఏదైనా సరే, ముందు కప్పు చూడండి. రంపపు పళ్లలా వరసగా లేచిన కప్పుకు ఒకవైపు ఏటవాలు రేకు, మరోవైపు నిలువు అద్దాలు ఉంటాయి. అద్దాలు ఉత్తరం వైపుకే తిరిగి ఉంటాయి. ఎండ నేరుగా పడదు గనక నూలు ఎండిపోదు, నీడ ఊగని వెలుతురులో తెగిన పోగు కంటికి దొరుకుతుంది. చేతిలో దిక్సూచి లేకపోయినా ఆ అద్దాలను బట్టి ఉత్తరం పోల్చుకోవచ్చు.

పొగగొట్టం ఎక్కడుంటే బాయిలర్ అక్కడ. ఒకప్పుడు ఒక్క ఆవిరి ఇంజను నుంచే పొడవాటి ఇరుసుల మీదుగా, బెల్టులతో యంత్రాలన్నిటికీ కదలిక వెళ్లేది. అందుకే పాత యంత్రశాలలు విడివిడిగా కాక ఒకదానినొకటి అంటుకుని ఉంటాయి. ఎత్తయిన నీళ్ల ట్యాంకు తాగడానికి మాత్రమే కాదు. జూట్ నూగుకు నిప్పు తొందరగా అంటుకుంటుంది, మంటలార్పే గొట్టాలకు ఒత్తిడి ఆ ఎత్తు నుంచే రావాలి. నార గోదాములు ప్రధాన షెడ్డుకు ఎడంగా ఉండడానికీ కారణం అదే. గేటు దగ్గర టైమాఫీసు, దాని ఎదురుగా టీ దుకాణాలు, ఆ వెనక కార్మికుల ఇళ్ల వరసలు. ఊరు ఎలా పెరిగిందో ఆ క్రమంలోనే నడిచి చూడండి. గేటు, యంత్రశాల ఫొటో తీసే ముందు సెక్యూరిటీని అడగండి. రైలు పట్టాల మీద నిలబడి తీయకండి.

ప్రశ్న: ఇంత చరిత్ర ఉన్న మిల్లులు ఎందుకు చితికిపోయాయి? – కొత్తవలస

ఒక్క కారణం చెప్పి ముగించడం ఆ ఊళ్లకు అన్యాయం. ప్లాస్టిక్ సంచి తేలిక, చవక. సిమెంటు, ఎరువులు మొదట అటు వెళ్లిపోయాయి. ఆహారధాన్యాలకు, చక్కెరకు జూట్ సంచి తప్పనిసరి చేసే చట్టాన్ని కేంద్రం 1987లో తెచ్చింది. మిగిలిన గిరాకీలో పెద్ద వాటా ఆ చట్టం నిలబెట్టిందే. అంటే మిల్లుకు కొనుగోలుదారు దాదాపు ప్రభుత్వం ఒక్కటే అయింది, ఆర్డరు ఆలస్యమైతే మగ్గం ఆగుతుంది. ఇక్కడ గోగు సాగు తగ్గిపోయి, ఆ చేలల్లోకి మొక్కజొన్న, ఇతర పంటలు వచ్చాయి. నానబెట్టడానికి నీరు, కూలీలు దొరకకపోవడం రైతు గోగు మానడానికి మొదటి కారణం. నారను బెంగాల్ నుంచి తెప్పించుకుంటే రవాణా ఖర్చు మీద పడుతుంది. అప్పుడు చంపావతి ఒడ్డున మిల్లు పెట్టడానికి మూలమైన లాభమే పోయినట్టు. పాత యంత్రాలను సకాలంలో మార్చకపోవడం, బకాయిల మీద తగాదాలు, పదేపదే లాకౌట్లు వీటికి తోడయ్యాయి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది.

నెల్లిమర్ల గురించి రాస్తూ 1994ను దాటవేయకూడదు. ఆ ఏడు జనవరి 29న మిల్లు వివాదంలో పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. కార్మిక సంఘాలు జనవరి 29న వారికి నివాళులర్పిస్తాయి. ఊరి ముఖ్యస్థలాల జాబితా తయారుచేసేవారు గుడి, కోట, వంతెనతో ఆపేయకుండా ఈ తేదీని కూడా రాసుకోవాలి.

ప్రశ్న: వడ్లకు గోనె సంచులు కొంటున్నాం. మంచివో కావో ఎలా తెలుస్తుంది? – గజపతినగరం

50 కిలోల ధాన్యానికి ఇప్పుడు వాడే ప్రామాణిక సంచి 94 సెంటీమీటర్ల పొడవు, 57 వెడల్పు, 580 గ్రాముల బరువు. అంతకు ముందు ఇదే సంచి 665 గ్రాములుండేది. పది సంచులు కలిపి తూస్తే ఆరు కిలోలకు కొంచెం తక్కువ రావాలి. వానాకాలంలో తూకం నమ్మకండి, జూట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక సంచిని ఎండకు ఎత్తి చూడండి. పేక పోగులు ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా ఉంటే గింజ కారుతుంది. అడుగు మూలలు రెండూ పట్టి గట్టిగా లాగండి, కుట్టు విప్పుకునేది అక్కడే. పాత సంచులైతే అడుగున నల్లమచ్చలున్నవి వదిలేయండి, ఆ మచ్చ దగ్గర నార కుళ్లింది. కొత్త సంచికి కిరసనాయిలు వాసన వస్తే అది బ్యాచింగులో పడిన ఖనిజ నూనె. పప్పులు, విత్తనాలు వాటిలో పోయకండి. ఆహారం కోసం తవుడు నూనెతో చేసిన సంచులు వేరే దొరుకుతాయి. సంచులను నేలమీద కాక చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చండి.

ప్రశ్న: మా నాన్నగారు 22 ఏళ్లు జూట్ మిల్లులో చేశారు. మిల్లు చాలా ఏళ్ల క్రితం మూతపడింది. గ్రాట్యుటీ ఎంత రావాలో లెక్క చెప్పగలరా? – ఒక పాఠకురాలు

చెల్లీ, ఆయన సర్వీసుకు వర్తించేది 1972 నాటి గ్రాట్యుటీ చట్టం. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఉదాహరణకు చివరి జీతం 7,800 రూపాయలైతే, 22 ఏళ్లకు 99,000 రూపాయలు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. కార్మికుడి తప్పు లేకుండా లాకౌట్‌లో పోయిన కాలం సర్వీసును తెంపదు. చాలామంది ఇక్కడే మోసపోతారు, లాకౌట్ నెలలు తీసేసి లెక్క కట్టించుకుంటారు. హాజరు కార్డు, జీతం చీటీ, పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ కార్డు వీటిలో ఏది దొరికినా జాగ్రత్త చేసి జిరాక్సులు తీయించండి. యాజమాన్యానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, దాని నకలుతో కార్మిక శాఖ అధికారిని కలవండి. గడువు దాటిందని వెనక్కి పంపితే, ఆలస్యానికి కారణం రాసి మన్నించమని కోరే వీలు చట్టంలోనే ఉంది. పీఎఫ్ పింఛను దీనికి సంబంధం లేనిది. 10 ఏళ్ల సర్వీసు ఉంటే 58వ ఏట నుంచి వస్తుంది, దాని దరఖాస్తు విడిగా పెట్టుకోవాలి.

ప్రశ్న: విజయనగరంలో దిగి ఒక్క రోజులో ఏం చూడగలం? – విశాఖపట్నం

ఉదయమే రామతీర్థం వెళ్లండి. విజయనగరం నుంచి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు, దారి నెల్లిమర్ల మీదుగానే. రాముడి గుడి చాలామంది చూస్తారు గాని, పక్క కొండలు చూడరు. గురుభక్తులకొండ మీద ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూప, చైత్య, విహార శిథిలాలున్నాయి. బోడికొండ మీద జైన శిల్పాలున్నాయి. ఎండెక్కితే రాయి కాలుతుంది కాబట్టి ఎనిమిది లోపే ఎక్కి దిగాలి, నీళ్లు మోసుకెళ్లాలి, ఇటుకల మీద కాలు పెట్టకూడదు. వచ్చేటప్పుడు నెల్లిమర్లలో ఆగి మిల్లు వైపు, చంపావతి వైపు చూడండి.

మధ్యాహ్నం విజయనగరం. కోటకు 1713లో పునాది పడింది. బయట 1885లో కట్టిన ఎనిమిది పలకల గంటస్తంభం ఉంది. 1879లో కాలేజీ అయిన మహారాజా కళాశాల, 1919లో మొదలైన సంగీత కళాశాల కూడా చూడదగ్గవే. సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు. గురజాడవారి ఇల్లు ఆఖరున పెట్టుకోండి. విజయదశమి తరవాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజూ, ముందు రోజూ ఊళ్లో బస దొరకదు, కట్టడాలు చూసే వీలూ ఉండదు.

ప్రశ్న: మా మిల్లు ఊరి చరిత్ర రాద్దామనుకుంటున్నాం. కాగితాలు ఎక్కడ వెతకాలి? – బొబ్బిలి

ముందు జిల్లా సరిహద్దులు తెలుసుకోండి, లేకపోతే తప్పు కట్టలో వెతుకుతూ కాలం పోతుంది. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న. అంతకు ముందు నెల్లిమర్ల, విజయనగరం విశాఖపట్నం జిల్లావి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి వైపు 1950 నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖ నుంచి విడిపోయింది. శ్రీకాకుళం పట్టణమైతే 1936కు ముందు గంజాం జిల్లాలోది. రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. అంటే 1961 నాటి బొబ్బిలి జనాభా లెక్క కావాలంటే శ్రీకాకుళం సంపుటం తెరవాలి, 1931 నాటిదైతే విశాఖపట్నం సంపుటం. ఇంగ్లీషు కాగితాల్లో భీమునిపట్నం, శ్రీకాకుళం, విజయనగరం పేర్లు బిమ్లిపటం, చికాకోల్, విజియానగ్రం అని ఉంటాయి.

మిల్లు కంపెనీ కాగితాలకు కలకత్తా వైపు చూడాలి. మేనేజింగ్ ఏజెన్సీలు 1970లో రద్దయ్యేదాకా లెక్కలు, వాటాదారుల నివేదికలు అక్కడే తయారయ్యేవి.

వయసుమళ్లిన కార్మికులతో మాట్లాడేటప్పుడు ‘ఏ సంవత్సరం’ అని అడగకండి. ఏ డిపార్టుమెంటు, ఏ షిఫ్టు, ఎన్నో మగ్గం, పక్కన ఎవరు పనిచేసేవారు అని అడగండి. తేదీ కోసం అందరికీ గుర్తున్న సంఘటన పట్టుకోండి, అది 1994కు ముందా తరవాతా, పెద్ద తుపానుకు ముందా తరవాతా అని. ఒకరు చెప్పింది ఇంకొకరి జీతం చీటీతో సరిచూశాకే రాయండి. ఇత్తడి టోకెన్లు, హాజరు కార్డులు, బోనసు చీటీలు దొరికితే రెండు పక్కలా ఫొటో తీసి, పక్కన ఒక స్కేలు పెట్టి, అసలు ఇంటివారికే తిరిగి ఇచ్చేయండి. ఆధార్, బ్యాంకు ఖాతా వంటివి కనిపిస్తే అచ్చులో కప్పేయండి. స్త్రీలను తప్పకుండా అడగండి. మిల్లులోనూ సంతలోనూ నార పని చేసిన ఆడవాళ్ల పేర్లు కంపెనీ పుస్తకాల్లో తక్కువగా ఉంటాయి. గోగు నారను నీళ్లలో నిలబడి ఒలిచినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. అందుచేత మీ మొదటి విడత ఇంటర్వ్యూలు వారితోనే మొదలుపెట్టండి.